సూచనల కాగితం

అచ్చు నమూనా తెచ్చుకొని బట్ట కుట్టబూనినవారు తొలుత మడిచి పక్కన పెట్టేది దానితో వచ్చిన సూచనల కాగితాన్నే. చొక్కా ఆకారం తెలియనిదెవరికి? రెండు చేతులు, ఒక మెడ, ముందు వెనుకల ముక్కలు. ఇందులో చదవవలసిందేమున్నదన్న ధీమా ఒకటి, కత్తెర చేతికి రాగానే పుట్టే తొందర మరొకటి.

కాగితపు నమూనాలను కొలతల వరుసలో అమ్మకానికి తెచ్చినవాడు అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రానికి చెందిన ఎబెనేజర్ బటరిక్ అనే దర్జీ. అది 1863వ సంవత్సరం. ఆనాటి పల్చని కాగితాలపై గీతలు లేవు. చిన్న చిల్లులూ, అంచున గాట్లూ మాత్రమే గుర్తులు. వివరమైన సూచనల పత్రం 20వ శతాబ్దిలో గాని స్థిరపడలేదు. నేడు దానిని చదవనివారు అప్పటివారి ఇబ్బందిని కోరి తెచ్చుకుంటున్నారన్నమాట!

ఆకారం కంటికి కనిపిస్తుంది, కారణం కనిపించదు. చిక్కంతా ఇక్కడే ఉన్నది. కుట్టుకు 5/8 అంగుళం జాగా వదలమని కాగితం చెబుతుంది. దానిని చూడక 3/8 అంగుళం దగ్గర కుట్టినవారికి ప్రతి అంచునా మిగిలేది పావు అంగుళమే. కాని కుట్టుకు రెండంచులు. ఒంటి చుట్టూ నాలుగు కుట్లుంటే చొక్కా రెండంగుళాలు వదులవుతుంది. నెపం మాత్రం నమూనా మీదికి పోతుంది.

మెడ సంగతి ఇంకా విచిత్రం. మెడ కత్తిరించిన వెంటనే అంచుకు దగ్గరగా ఒక వరుస కుట్టు వేయమని ఉంటుంది. దేనినీ దేనితోనూ కలపని ఆ కుట్టు వృథాశ్రమగా తోస్తుంది. అయితే బట్ట పడుగు వెంబడి, పేక వెంబడి అంతగా సాగదు. ఏటవాలుగా లాగితే సాగుతుంది. మెడ వంపులో కొంతభాగం ఏటవాలే గనుక, ఆ కుట్టు లేనప్పుడు చేతిలో తిప్పుతుండగానే సాగిపోయి, తొడిగినప్పుడు నోరు తెరుస్తుంది. ఇక నమూనాను తిరగవేయక, ఒకే వైపున రెండుసార్లు కత్తిరించి, రెండూ ఎడమ చేతులే సిద్ధం చేసుకొన్నవారూ కద్దు.

మన దర్జీలు కాగితం లేకయే సుద్దతో గీసి కత్తిరిస్తారు గదా అనవచ్చు. నిజమే. కాని ఆ గీత వెనుక గురువు పక్కన కూర్చుండి కాజాలు కుట్టిన ఏళ్ళున్నాయి. వారికి సూచనలు నోటిమాటగా అందినవి. కారణమెరిగినవారు నియమాన్ని దాటనూ గలరు. పారిస్ నగరంలో మదలేన్ వియొనే 1920ల నాటికి బట్టను బుద్ధిపూర్వకంగానే ఏటవాలుగా కత్తిరించి, ఒంటికి ఒదిగి జాలువారే దుస్తులతో ఖ్యాతి గడించింది. ఆమె సైతం ముందుగా చిన్న కొయ్యబొమ్మపై బట్ట అమర్చి చూచుకొనేది.

కుట్టు తరగతులలో పిల్ల తప్పుగా వేసిన కుట్టును ఉపాధ్యాయినియే విప్పి సరిచేసి ఇవ్వడం కద్దు. దానివల్ల బాగుపడేది చొక్కా ఒక్కటే. పిల్ల చేతనే విప్పించి, ఆ చోటును గురించి కాగితం ఏమన్నదో చదివిస్తే, నిన్న ఉత్తమాటగా తోచిన వాక్యానికి నేడు అర్థం దొరుకుతుంది. కత్తిరింపులో జరిగిన తప్పుకు ఈ అవకాశం లేదు. కత్తెర పడిన గుడ్డ మళ్ళీ అతకదు. కనుక తొలి చొక్కాకు పట్టు వద్దు, ముతకగుడ్డ చాలు.