చీప్ సోలార్ ప్యానెల్ కొంటున్నారా? స్టిక్కర్ నమ్మే ముందు టేపు తీయండి

రెండు వందలకి 50,000 ఎంఏహెచ్ పవర్‌బ్యాంక్ అంటే మనం నవ్వేస్తాం. అదే సోలార్ ప్యానెల్ మీద '300 వాట్స్' అని రాసుంటే మాత్రం నమ్మేస్తాం. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు చాలా ఇళ్లలో కథ ఒకటే. నాన్న కొటేషన్ తెస్తాడు, అన్న దుబాయ్ నుంచి డబ్బులు పంపుతాడు, "నీకు ఎలక్ట్రానిక్స్ తెలుసు గదా, చూడరా" అని మన మీద పెడతారు.

నేనైతే ముందు టేపుతో కొలుస్తా. ప్యానెల్ రేటింగ్ ఇచ్చేది చదరపు మీటరుకు 1000 వాట్స్ ఎండ లెక్కన. మామూలు 540 వాట్స్ ప్యానెల్ సుమారు 2.28 మీటర్ల పొడవు, 1.13 వెడల్పు ఉంటుంది, అంటే 2.58 చదరపు మీటర్లు. భాగిస్తే 21 శాతం ఎఫిషియెన్సీ, ఓకే. ఇప్పుడు మీటరు పొడవు, 67 సెంటీమీటర్ల వెడల్పున్న '300 వాట్స్' ప్యానెల్ తీసుకోండి. లెక్క వేస్తే 45 శాతం! మార్కెట్లో ఉన్న టాప్ ప్యానెళ్లే 25 శాతం చుట్టుపక్కల ఆగిపోతాయి. అది నిజానికి 130, 150 వాట్స్ సరుకు.

షాపులో మల్టీమీటర్ పెట్టి "చూడు తమ్మీ, 49 వోల్ట్స్" అంటే ఇంప్రెస్ కాకండి. మబ్బు పట్టినా, ప్యానెల్ వీక్ అయినా వోల్టేజ్ దాదాపు అంతే చూపిస్తది. అసలు సంగతి చెప్పేది కరెంట్. 540 వాట్స్ ప్యానెల్ షార్ట్ సర్క్యూట్ కరెంట్ మంచి ఎండలో 13 ఆంప్స్ పైనే ఉండాలి. మన మల్టీమీటర్ 10 ఆంప్స్‌కే ఫ్యూజ్ కొట్టేస్తది కాబట్టి డీసీ క్లాంప్ మీటర్ కావాలి. ఏసీ మాత్రమే కొలిచే క్లాంప్ ఇక్కడ సున్నా చూపిస్తుంది. ఈ టెస్ట్ ఇన్‌స్టాలర్‌తోనే చేయించండి. వైర్లు కలిపే ముందు, విడదీసే ముందు ప్యానెల్ మీద మందపాటి గుడ్డ కప్పాలి, లేకపోతే స్పార్క్ వస్తది.

మే నెలలో యాప్ చూసి కంగారు పడొద్దు. రేటింగ్ 25 డిగ్రీల దగ్గర ఇచ్చింది. మన దగ్గర సెల్ 65 డిగ్రీలకు వేడెక్కితే, డిగ్రీకి 0.35 శాతం చొప్పున 14 శాతం పోతుంది. ఆరు ప్యానెళ్ల 3.24 కిలోవాట్ల సిస్టమ్ మధ్యాహ్నం 2.6 చూపిస్తే అది మోసం కాదు, ఎండాకాలం.

సేఫ్టీ విషయానికొస్తే, నాకు భయం ప్యానెల్ కన్నా వైరింగ్ మీదే ఎక్కువ. ఆ ఆరు ప్యానెళ్లు సిరీస్‌లో కలిపితే దాదాపు 300 వోల్ట్స్ డీసీ. ఎండ ఉన్నంత సేపు ప్యానెళ్లని ఆఫ్ చేయలేం. ఏసీలో వోల్టేజ్ సెకనుకు వంద సార్లు సున్నాకి వస్తుంది కాబట్టి ఆర్క్ తేలిగ్గా ఆరిపోతది. డీసీలో ఆ చాన్స్ లేదు, లూజ్ జాయింట్ దగ్గర మండుతూనే ఉంటది. అందుకే డీసీ సైడ్ మామూలు ఏసీ ఎంసీబీ పెట్టినా, వైర్లు మెలేసి టేపు చుట్టినా, ఇంటి వైరింగ్ వైరే పైకి లాగినా నేను ఒప్పుకోను. రెండు వేర్వేరు కంపెనీల ఎంసీ4 కనెక్టర్లు టక్కున ఫిట్ అవ్వొచ్చు, కానీ లోపల కాంటాక్ట్ సరిగ్గా ఉండకపోతే వేడెక్కుతాయి. డీసీ బాక్స్‌లో సర్జ్ ప్రొటెక్షన్, స్ట్రక్చర్‌కి ఎర్తింగ్ కూడా అడిగి చూడండి.

ప్యానెల్ వెనక ఐఎస్ 14286, ఐఈసీ 61730 మార్కులుండాలి. మొదటిదానికి మూలమైన ఐఈసీ 61215లో 25 మిల్లీమీటర్ల మంచు గోళీలతో కొట్టే టెస్ట్ ఉంది. వడగళ్లకు మామిడి రాలిపోయే జగిత్యాలలో ఇది ఉత్త కాగితం ముచ్చట కాదు. కోతుల గెంతులకు మాత్రం ఏ స్టాండర్డూ లేదు!

కొటేషన్లు పోల్చేటప్పుడు ఒక తిరకాసు ఉంది. పీఎం సూర్యఘర్ సబ్సిడీ 3 కిలోవాట్లకి 78,000 రూపాయలు, కానీ ప్యానెళ్లు డీసీఆర్, అంటే సెల్స్‌తో సహా ఇండియాలో తయారైనవి అయ్యుండాలి. డీసీఆర్ కానిది చీప్‌గా కనిపిస్తది, సబ్సిడీ తీసేసి చూస్తే చాలాసార్లు లెక్క తిరగబడుతుంది. నెట్ మీటర్‌కి జగిత్యాల, కోరుట్ల వాళ్లు టీజీఎన్‌పీడీసీఎల్ దగ్గరికి, సిరిసిల్ల వాళ్లు 1970 నుంచి నడుస్తున్న తమ సహకార సంఘం సెస్ దగ్గరికి వెళ్లాలి.

దుబాయ్‌లో ఉన్న అన్నకి పంపాల్సింది మేడ మీద సెల్ఫీ కాదు. ప్రతి ప్యానెల్ సీరియల్ నంబర్, వెనక స్టిక్కర్, మూత తీసిన డీసీ బాక్స్, ఎర్త్ పిట్... ఈ ఫొటోలు వచ్చాకే చివరి పేమెంట్ కొట్టమనండి.