ఆయుధధారణ - ఆత్మరక్షణకు గల హద్దు

అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో 2021 నుండి, చట్టరీత్యా అనర్హుడు కాని 21 ఏండ్లు నిండిన వ్యక్తి లైసెన్సు లేకుండానే పిస్తోలును దుస్తుల చాటున ఉంచుకొని తిరుగవచ్చును. అటువంటి అనుమతి ఉన్నచోట ముస్లింపై షరీఅత్ మోపే బాధ్యత ఏమిటి?

మీద పడిన దుండగుని ఎదిరించే హక్కు నిర్వివాదం. తన సొత్తును కాపాడుకొనుచు చంపబడినవాడు షహీద్ అని దైవప్రవక్త (స) సెలవిచ్చినట్లు బుఖారీలో కలదు. అయితే అవసరానికి మించిన దెబ్బకు ఆ హక్కు వర్తించదు. హనఫీ ధర్మశాస్త్రం ప్రకారం కత్తి దూసి వచ్చినవానిని చంపితే శిక్ష లేదు. పట్టపగలు పట్టణంలో చేతికర్ర ఎత్తినవానిని చంపితే మాత్రం ఖిసాస్ కలదు. కర్రదెబ్బకు ప్రాణం వెంటనే పోదు, కేక వేస్తే నలుగురు వస్తారు. రాత్రివేళ సహాయం అందదు కనుక అదే కర్ర విషయంలో తీర్పు మారుతుంది. కొట్టి, ఇక కొట్టే ఉద్దేశం లేక వెనుదిరిగినవానిని చంపినా ఖిసాసే.

పిస్తోలుతో చిక్కు ఇక్కడే. కేకకూ ప్రాణహరణకూ మధ్య గల మెట్లు తూటాకు లేవు. పైగా నడుమున అది ఉన్నదన్న ధీమా, తప్పుకొని పోదగిన తగాదాలోనికి మనిషిని దింపుతుంది. గురి తప్పి దారిన పోయేవాడు మరణిస్తే, అన్నిసా సూరా 92వ ఆయతు ప్రకారం, వారసులు క్షమిస్తే తప్ప దియత్ చెల్లించవలెను. బానిస విముక్తికి వీలులేనివాడు వరుసగా రెండు నెలలు ఉపవాసముండవలెను.

మస్జిదులో, బజారులో బాణాలతో నడిచేవాడు వాటి మొనలను చేత పట్టుకోవాలని ప్రవక్త (స) ఆదేశించారు. జుమా రద్దీలో సజ్దా చేయువాని నడుమున గల తూటాలు నింపిన పిస్తోలుకు ఈ ఆదేశం మరింతగా వర్తిస్తుంది.