రెండు ఆటల వెనక మరుగునపడ్డ ఆండర్సన్

చదరంగం పుస్తకం ఏది తిరగేసినా అడాల్ఫ్ ఆండర్సన్ పేరు పక్కన రెండే రెండు ఆటలు కనిపిస్తాయి. ఒకటి 1851లో లండన్‌లో ఆడిన ‘ఇమ్మోర్టల్ గేమ్’, రెండోది 1852లో బెర్లిన్‌లో ఆడిన ‘ఎవర్‌గ్రీన్ గేమ్’. రెండూ అద్భుతాలే, అందులో సందేహం లేదు. కానీ పాతికేళ్లకు పైగా యూరప్ మేటి ఆటగాళ్లలో ఒకడిగా నిలిచిన మనిషిని ఆ రెండు ఆటల్లోనే కట్టిపడేయడం వల్ల ఆయన గురించి బోలెడు అపోహలు పాతుకుపోయాయి. ముఖ్యంగా ఆయన ఆట మొదలుపెట్టే తీరు గురించి. పావుల్ని ఎడాపెడా బలిచ్చి ఎదుటి రాజు మీద పడటం తప్ప మరొకటి తెలియని వీరుడిగా ఆయన్ని చూపిస్తుంటారు. పోటీల్లో ఆయన ఆడిన ఆటల్ని వరసపెట్టి చూస్తే ఆ బొమ్మ నిలబడదు.

అపోహ: ఇమ్మోర్టల్ గేమ్ లండన్ టోర్నమెంటు ఫైనల్లో ఆడినది, అందులో ఒక్క తప్పు ఎత్తు కూడా లేదు.

ఆ ఆట జరిగింది టోర్నమెంటు నడుస్తున్న రోజుల్లోనే, 1851 జూన్ 21న. ప్రత్యర్థి లయొనెల్ కీజెరిట్‌స్కీ కూడా ఆ టోర్నీలో ఆడినవాడే. మొదటి రౌండులోనే ఆండర్సన్ చేతిలో ఓడి ఇంటిదారి పట్టాల్సి వచ్చింది. అయితే ఈ ఆట టోర్నీ లెక్కలోకి రాదు. తీరిక దొరికినప్పుడు ఇద్దరూ సరదాగా కూర్చుని ఆడుకున్నది. అసలు ఫైనల్ ఇంగ్లండుకు చెందిన మార్మడ్యూక్ వైవిల్‌తో జరిగింది. అంతకుముందు సెమీఫైనల్లో, ఆ టోర్నీని తలకెత్తుకుని నడిపించిన హోవర్డ్ స్టాంటన్‌నే ఆండర్సన్ 4–1తో ఓడించాడు. మనసును కదిలించే విషయం ఇంకోటి ఉంది. ఇమ్మోర్టల్ గేమ్‌ను లోకానికి అందించింది ఓడిపోయిన కీజెరిట్‌స్కీయే. పారిస్ నుంచి తాను నడిపే ‘లా రెజాన్స్’ పత్రికలో ఆ ఎత్తుల్ని అచ్చువేశాడు. తన ఓటమిని తానే అచ్చువేయాలంటే ఆట మీద ఎంత ప్రేమ ఉండాలి! ‘ఇమ్మోర్టల్’ అనే పేరు మాత్రం 1855లో ఎర్నెస్ట్ ఫాల్క్‌బీర్ అనే ఆటగాడు పెట్టాడు.

ఇక తప్పుల సంగతి. 18వ ఎత్తులో ఆండర్సన్ తన బిషప్‌ను డి6 గడిలోకి దూకించి, రెండు ఏనుగుల్నీ గాలికి వదిలేశాడు. కీజెరిట్‌స్కీ వెంటనే జి1లోని ఏనుగును బిషప్‌తో చంపాడు. ఆండర్సన్ కంగారుపడకుండా ఒక బంటును ఇ5కు జరిపాడు. చూడటానికి చిన్న ఎత్తే. కానీ మూలకు చేరబోయే నల్ల రాణికి తన రాజును కాపాడుకునే దారి దాంతో మూసుకుపోయింది. నల్ల రాణి రెండో ఏనుగును కూడా తినేసింది. ఆ తర్వాత గుర్రం జి7 బంటును చంపి చెక్ చెప్పింది, తెల్ల రాణి ఎఫ్6లో ప్రాణమిచ్చింది, 23వ ఎత్తులో ఇ7కు వచ్చిన బిషప్ ఆట కట్టించింది. బల్ల మీద చూస్తే నల్ల పావులన్నీ ఉన్నాయి, పోయినవి మూడు బంట్లే. తెల్లవైపు ఒక బిషప్, రెండు ఏనుగులు, రాణి లేవు. అయినా గెలిచింది తెల్లవాళ్లే. ఇంత అందమైన ఆటలోనూ, ఆ 18వ ఎత్తు కంటే మెరుగైనవి ఉన్నాయని విశ్లేషకులు ఏనాడో తేల్చారు. నల్లవైపు వాళ్లు జి1 ఏనుగు జోలికి పోకుండా ముందు ఏ1 ఏనుగును రాణితో తీసుకుని ఉంటే ఆట ఇలా ముగిసేది కాదు. ఇది చెప్పడం ఆ ఆటను తక్కువ చేయడానికి కాదు. కాలక్షేపానికి ఆడిన ఆటలో ఆండర్సన్ సాహసం చేయగలిగాడు, పోటీలో ఆయన లెక్కలు వేరుగా ఉండేవి.

అపోహ: ఆండర్సన్‌కు గాంబిట్లు తప్ప మరో ఓపెనింగ్ తెలియదు.

అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. గాంబిట్ అంటే మొదట్లోనే ఒక బంటును ఎరగా వేసి దాడికి దారి తెరుచుకోవడం. ఇమ్మోర్టల్ గేమ్ కింగ్స్ గాంబిట్, ఎవర్‌గ్రీన్ గేమ్ ఎవాన్స్ గాంబిట్. ఆ రెండూ ఆయనకు ప్రాణమన్నది నిజమే. పెద్ద మ్యాచ్‌లలోనూ వాటిని ఆడాడు. కానీ ఆయన సంచిలో ఉన్నవి అవి మాత్రమే కాదు.

1858 డిసెంబరులో పారిస్‌లో అమెరికన్ మేధావి పాల్ మార్ఫీతో జరిగిన మ్యాచ్ చూడండి. 11 ఆటల్లో మార్ఫీ 7 గెలిచాడు, ఆండర్సన్ 2 గెలిచాడు, 2 డ్రా. ఓటమి పెద్దదే. ఆ రెండు గెలుపులూ ఎలా వచ్చాయన్నది మాత్రం ఎవరూ చెప్పరు. మొదటి ఆటలో ఎవాన్స్ గాంబిట్ ఆడింది మార్ఫీ. ఆండర్సన్ నల్ల పావులతో ఆ దాడిని ఓపిగ్గా కాచుకుని, 70కి పైగా ఎత్తుల తర్వాత గెలిచాడు. దాడే తప్ప రక్షణ తెలియనివాడు చేసే పనేనా ఇది?

రెండో గెలుపు ఇంకా విచిత్రం. తెల్ల పావులతో ఆయన మొదటి ఎత్తుగా ఏ3 ఆడాడు. అంచున ఉన్న బంటును ఒక్క గడి జరపడం. దీన్నే ఇప్పుడు ‘ఆండర్సన్ ఓపెనింగ్’ అంటున్నారు. ఏం తోచక ఆడిన ఎత్తని, పిచ్చి ప్రయోగమని కొట్టిపారేసేవాళ్లు ఉన్నారు. దాని వెనక చక్కటి లెక్క ఉంది. మార్ఫీ ఏ3కి జవాబుగా రాజు ముందు బంటును రెండు గడులు జరిపితే, ఆండర్సన్ సి4 ఆడేవాడు. అంటే నల్లవాళ్లు ఆడే సిసిలియన్ డిఫెన్స్‌ను తెల్ల పావులతో ఆడుతున్నాడన్నమాట, అదీ ఒక ఎత్తు అదనంగా. ఆ అదనపు ఎత్తే ఏ3. సిసిలియన్‌లో ఎలాగూ పనికొచ్చే ఎత్తు, ఎదుటి బిషప్ బి4కు రాకుండా ఆపుతుంది కూడా. పైగా బల్ల మధ్యభాగం తెరుచుకున్న ఆటల్లో మార్ఫీని నిలువరించగలవాడు ఆ రోజుల్లో లేడు. అందుకే ఆటను ఆయనకు అలవాటు లేని బాటలోకి మళ్లించాడు. ఏ3తో ఆడిన 3 ఆటల్లో ఒకటి గెలిచాడు, ఒకటి డ్రా, ఒకటి ఓడాడు. తన కాలపు సాటిలేని ఆటగాడి మీద సరిసమానమైన ఫలితం! నా దృష్టిలో ఆ మ్యాచ్ మొత్తంలో అన్నిటికంటే తెలివైన ఆలోచన అదే. మ్యాచ్ ముగిశాక ఇద్దరూ సరదాకి ఆడిన ఆటల్లో మాత్రం ఆండర్సన్ మళ్లీ కింగ్స్ గాంబిట్‌కే వెళ్లాడు. ఏది ఎక్కడ ఆడాలో ఆయనకు బాగా తెలుసు.

సిసిలియన్ మీద ఆయనకు అప్పటికే మక్కువ ఉంది. 1851 లండన్ టోర్నీలోనూ నల్ల పావులతో దాన్ని నమ్ముకున్నాడు. అన్నిసార్లూ కలిసిరాలేదు. మార్ఫీతో తొమ్మిదో ఆటలో అదే సిసిలియన్‌లో 17 ఎత్తులకే చేతులెత్తేశాడు.

ఇక రూయ్ లోపెజ్ అనే ఓపెనింగ్. మార్ఫీతో రెండు ఆటల్లో ఆయన తెల్ల పావులతో దీన్ని ఆడాడు. ఐదో ఎత్తుగా డి3. మధ్యలోకి బంటును దూకించి గొడవ పెట్టుకోకుండా, ఇ4 బంటుకు ఆసరా ఇచ్చి నెమ్మదిగా పావుల్ని సర్దుకునే పద్ధతి. గాంబిట్ స్వభావానికి పూర్తిగా విరుద్ధం. పుస్తకాల్లో ఇది ‘ఆండర్సన్ వేరియేషన్’ పేరుతోనే ఉంది. ఇప్పటి మేటి ఆటగాళ్లు ఈ డి3ని ఎంతో ఇష్టంగా ఆడుతున్నారు. 2014లో సోచిలో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్ రెండో ఆటలో మాగ్నస్ కార్ల్‌సన్ మన విశ్వనాథన్ ఆనంద్ మీద గెలిచింది, రూయ్ లోపెజ్ బెర్లిన్ డిఫెన్స్‌లో నాలుగో ఎత్తుగా డి3 ఆడే.

అపోహ: చదరంగమే ఆయన వృత్తి.

కాదు. పుట్టిన ఊరు బ్రెస్లావ్‌లో (అప్పుడు ప్రష్యాలో ఉండేది, ఇప్పుడు పోలండ్‌లోని వ్రొత్స్వాఫ్) హైస్కూల్లో లెక్కలు చెప్పే మాస్టారు. పెళ్లి చేసుకోలేదు, తల్లితో, సోదరితో కలిసి నిరాడంబరంగా బతికాడు. మార్ఫీతో మ్యాచ్ కూడా బడి సెలవుల్లోనే ఆడాల్సి వచ్చింది. పేరు తెచ్చుకున్నది కూడా ముందు ఆటగాడిగా కాదు. 1842లోనే చదరంగ సమస్యలు 60 కూర్చి పుస్తకం వేశాడు. ఆట కట్టించే దారులు ఆయన కంటికి అంత సులువుగా ఆనడానికి ఆ సాధనే కారణమని నా నమ్మకం.

అపోహ: ఆయన ప్రపంచ చాంపియన్.

అధికారికంగా ఆ బిరుదు మొదలైంది 1886లో, విల్‌హెల్మ్ స్టైనిట్జ్, జుకెర్టోర్ట్ అనే ఇద్దరు ఆటగాళ్ల మధ్య జరిగిన మ్యాచ్‌తో. ఆండర్సన్ 1879 మార్చి 13న కన్నుమూశాడు.

అపోహ: మార్ఫీ కొట్టిన దెబ్బతో ఆయన పని అయిపోయింది. మిగిలింది స్టైనిట్జ్ శాస్త్రీయమైన ఆటతో పూర్తిచేశాడు.

మార్ఫీ అమెరికా తిరిగి వెళ్లి దాదాపు ఆట మానేశాడు. ఆండర్సన్ మానలేదు. 1862లో 14 మంది ఆడిన లండన్ టోర్నీలో 13 ఆటల్లో 12 గెలిచి మొదటి స్థానం కొట్టాడు. 1866లో స్టైనిట్జ్‌తో మ్యాచ్ 8–6తో ఓడినమాట నిజం. కానీ 14 ఆటల్లో ఒక్క డ్రా లేదు! స్టైనిట్జ్ అప్పటికింకా గాంబిట్ల మనిషే. చిన్న చిన్న లాభాల్ని కూడబెట్టుకునే కొత్త పద్ధతికి ఆయన మళ్లింది 1873 ప్రాంతంలో. శాస్త్రీయమైన ఆట దాడుల ఆటను ఓడించిందనే కథ ఆ మ్యాచ్‌కు అతకదు.

ఆ స్టైనిట్జ్ మీద బదులు తీర్చుకున్నది 1870లో బాడెన్‌బాడెన్‌లో. టోర్నీ మొదలవుతూనే ఫ్రాన్స్–ప్రష్యా యుద్ధం వచ్చిపడింది. ఆడుతున్నవాళ్లలో ఒకడు సైన్యం నుంచి పిలుపొచ్చి మధ్యలోనే వెళ్లిపోయాడు. ఆ గందరగోళంలో, 52 ఏళ్ల లెక్కల మాస్టారు స్టైనిట్జ్‌ను రెండు ఆటల్లోనూ ఓడించి మొదటి స్థానంలో నిలిచాడు. స్టైనిట్జ్ వయసు అప్పటికి 34.

మూడేళ్లకు వియన్నాలో మూడో స్థానం. 1877లో లైప్‌జిగ్‌లో ఒక టోర్నమెంటు పెట్టారు, ఆండర్సన్ చదరంగం నేర్చుకుని 50 ఏళ్లు నిండిన సందర్భంగా. తన పేరిట జరుగుతున్న ఆ పోటీలో ఆయన అతిథిగా వేదిక మీద కూర్చోలేదు, బల్ల ముందు కూర్చుని ఆడాడు. లూయీ పాల్‌సన్ గెలిచాడు. 59 ఏళ్ల ఆండర్సన్ రెండో స్థానాన్ని ఒకప్పుడు తన దగ్గర మెలకువలు నేర్చుకున్న జుకెర్టోర్ట్‌తో పంచుకున్నాడు.