‘కడప తిరిగి వస్తే పక్కే’.. గళ్ల నుడికట్టులో ఆధారం గుట్టు ఇదీ!

ఇబ్రహీంపట్నం (రంగారెడ్డి జిల్లా): ఈ ఊరి పేరు ఇంగ్లిష్‌లో రాస్తే 13 అక్షరాలు. తెలుగులో రాస్తే ఐదే! ఇ, బ్ర, హీం, ప, ట్నం. గళ్ల నుడికట్టులో ఐదు గళ్లు చాలన్నమాట. తెలుగు పజిల్‌ని అర్థం చేసుకోవాలంటే ఈ లెక్క దగ్గరే మొదలుపెట్టాలి. ఆదివారం పేపర్లో అడ్డం, నిలువు ఆధారాలు రెండు చదివి ‘ఇది మన వల్ల కాదులే’ అని పేజీ తిప్పేసేవాళ్లు చాలామందే. కానీ ఆధారం ఎలా తయారవుతుందో తెలిస్తే విప్పడం సగం వచ్చేసినట్టే.

ఎక్కడ మొదలైంది?

1913 డిసెంబర్ 21న ‘న్యూయార్క్ వరల్డ్’ పత్రికలో ఆర్థర్ విన్ కూర్చిన పజిల్ వచ్చింది. వజ్రం ఆకారంలో ఉన్న ఆ గళ్లే నేటి క్రాస్‌వర్డ్‌కి మూలం. మొదట్లో ఆధారం అంటే నేరుగా అర్థం అడగడమే. మాటల్లో మెలిక పెట్టే పద్ధతిని పెంచి పోషించింది మాత్రం బ్రిటన్. 1942లో లండన్‌లోని ‘డైలీ టెలిగ్రాఫ్’ పత్రిక 12 నిమిషాల్లో క్రాస్‌వర్డ్ పూర్తి చేసే పోటీ పెట్టింది. ఆ తర్వాత అందులో కొందరికి శత్రుదేశాల రహస్య సంకేతాలు ఛేదించే పనికి పిలుపొచ్చింది.

తెలుగులోనూ ఇది చిన్నాచితకా వ్యవహారమేం కాదు. శ్రీశ్రీ, ఆరుద్ర అంతటి కవులే పజిళ్లు కూర్చారు. అసలు అక్షరాలతో ఆడుకోవడం మనకి పాత అలవాటే. అవధానంలో వ్యస్తాక్షరి అనే అంశం ఉంది. అందులో ఒక వాక్యంలోని అక్షరాలను వరస తప్పించి ఒక్కొక్కటిగా అందిస్తారు. అవధాని వాటిని గుర్తు పెట్టుకుని చివర్లో సరైన వరసలో చెప్పాలి.

ఒక గడికి ఒక అక్షరం

తెలుగు పజిల్‌లో గుణింతం, ఒత్తు, సున్నా అన్నీ కలిపి ఒకే గడి. ‘ట్నం’ ఒకే గడిలో కూర్చుంటుంది. దీంతో విప్పేవాళ్లకి లాభమే. చివరి గడిలో ‘ట్నం’ దొరికిందంటే జవాబు పట్నమో, కట్నమో అయ్యుంటుందని వెంటనే తడుతుంది. కష్టమంతా కూర్చేవాళ్లదే. అడ్డం మాటలో ‘కి’ ఉంటే, దాన్ని దాటే నిలువు మాటలోనూ సరిగ్గా ‘కి’నే ఉండాలి. ‘కీ’ వస్తే కుదరదు.

ఆధారంలో ఏముంటుంది?

మెలిక ఉన్న ఆధారంలో రెండు ముక్కలుంటాయి. ఒకటి జవాబు అర్థం. రెండోది ఆ జవాబుని అక్షరాలతో కట్టుకునే దారి. చివర బ్రాకెట్లో ఉండే అంకె గళ్ల సంఖ్య. కొన్ని చూద్దాం.

తిరగేయడం: ‘కడప తిరిగి వస్తే పక్కే (3)’. చదవగానే మనసు రాయలసీమకి వెళ్లిపోతుంది. కానీ క, డ, ప అక్షరాలను వెనక నుంచి చదివితే ‘పడక’. పక్క అన్నా పడకే కదా!

దాచడం: ‘మన వలలో చిక్కిన పెద్ద కథ (3)’. ‘మన వల’ని కలిపి చదవండి. లోపల ‘నవల’ కనిపిస్తుంది.

అతికించడం: ‘స్వప్నానికి పెన్ను తగిలిస్తే బ్రేకింగ్ న్యూస్‌లో రేగేది (4)’. స్వప్నం అంటే కల, పెన్ను అంటే కలం. రెండూ కలిస్తే ‘కలకలం’.

రెండు అర్థాలు: ‘దిగులు పడే చెట్టు (2)’. జవాబు ‘చింత’.

ఎటు చదివినా ఒకటే: ‘ముందు నుంచి చూసినా వెనక నుంచి చూసినా యాక్టింగే (3)’. జవాబు ‘నటన’. తెనాలి రామకృష్ణుడి ‘వికటకవి’ కూడా ఈ కోవదే. అయితే ‘కిటికీ’ని మాత్రం ఇందులో కలపకూడదు. మొదటిది కి, చివరిది కీ.

మోసం ఓకే.. అన్యాయం వద్దు

ఆధారం దారి తప్పించొచ్చు, అబద్ధం మాత్రం చెప్పకూడదు. ‘చెట్టు (2)’ అని ఇచ్చారనుకోండి. వేప, మర్రి, చింత, టేకు, తుమ్మ.. ఏది రాసినా సరిపోతుంది. అది ఆధారం అనిపించుకోదు. అదే ‘దిగులు పడే చెట్టు’ అంటే చింత తప్ప ఇంకోటి కుదరదు. జవాబు తెలిశాక ‘అరె, ఎదురుగానే ఉందే!’ అనిపిస్తే అది మంచి ఆధారం. ‘ఇదెలా అవుతుంది?’ అనిపిస్తే తప్పు కూర్చినవాళ్లదే. జవాబు బహువచనమైతే ఆధారమూ బహువచనంలోనే ఉండాలి. అనవసరమైన మాట ఒక్కటీ ఉండకూడదు.

ఊరి పేరుతోనే చూడండి. ‘గోల్కొండ సుల్తాన్ పక్కన టౌన్ పెడితే పెద్ద చెరువున్న ఊరు (5)’. సుల్తాన్ ఇబ్రహీం కుతుబ్ షా, టౌన్ అంటే పట్నం. జవాబు ఇబ్రహీంపట్నం. కానీ విజయవాడ దగ్గర కృష్ణా ఒడ్డునా ఒక ఇబ్రహీంపట్నం ఉంది. అది కావాలంటే చెరువు మాట తీసేసి ‘థర్మల్ ప్లాంటున్న ఊరు’ అనాలి. జవాబులో అక్షరం మారలేదు. మారింది అర్థం చెప్పే ముక్కే.

విప్పేటప్పుడు ఇవి గుర్తుంచుకోండి

* అర్థం చెప్పే ముక్క సాధారణంగా ఆధారం మొదట్లోనో, చివర్లోనో ఉంటుంది. ముందు అక్కడ చూడండి.
* ‘తిరిగి, తారుమారు, చెదిరి, లోపల, చిక్కిన, తల తీసి, తోక లేని’ లాంటి మాటలు కనిపిస్తే ఆగండి. అవి అక్షరాలను ఏం చేయాలో చెప్పే గుర్తులు.
* ఆధారం చెప్పే కథని నమ్మొద్దు. కడప అంటే ఊరు అనుకోకుండా మూడు అక్షరాలుగా చూడండి.
* కచ్చితంగా తెలిసినవే ముందు నింపండి. అడ్డం, నిలువు కలిసే గడి మిగతా పని చేసిపెడుతుంది.

ఫోన్ తెలుగుకి ఇదే పరీక్ష

ఇప్పుడు చాలా మెసేజ్‌లు ఇంగ్లిష్ అక్షరాల్లోనే తెలుగు మాట్లాడుతున్నాయి. అలా రాస్తే ‘పాట’, ‘పాత’ రెండూ ఒకేలా ఉంటాయి. చదివేవాళ్లు సందర్భాన్ని బట్టి సర్దుకుంటారు. గడి అలా సర్దుకోదు. ట కావాలా, త కావాలా తేల్చమంటుంది. ఒత్తు ఎక్కడ, దీర్ఘం ఎక్కడ అని నిలదీస్తుంది. మాట తెలిసినా రాయడం మరిచిపోతున్న తరానికి రోజుకో పది నిమిషాలు ఈ ఆట ఆడితే చాలు, అక్షరం మళ్లీ చేతికి వస్తుంది.

ఇక ఈ ఒక్కటి మీకే: ‘నగరం తల తీసేస్తే చాయ్ ఎలా ఉంటుంది? (2)’. జవాబు తట్టకపోతే సాగర్ రోడ్డు మీద ఏ చాయ్ బండి దగ్గరైనా రెండు నిమిషాలు ఆగండి.. వాళ్లే అరిచి చెబుతారు!