పెరట్లో గంధం... సర్కారు సొంతం!

నేల మనది. నీళ్లు పోసి పెంచిందీ మనమే. చెట్టు మాత్రం మనది కాదు! కర్ణాటకలో శ్రీగంధం విషయంలో 2001 వరకూ ఇదే చట్టం. చెట్టును కాపాడటానికి పెట్టిన ఆ నిబంధన చివరికి చెట్టుకే ఎసరు పెట్టింది.

రాచవృక్షం

1792లో మైసూరును ఏలుతున్న టిప్పుసుల్తాన్ గంధాన్ని రాచవృక్షంగా ప్రకటించాడు. ఎవరి పొలంలో మొలిచినా అది రాజ్యానిదే. తర్వాతి పాలకులూ ఆ పద్ధతిని వదల్లేదు. ఎందుకు వదులుతారు? ఖజానాకు అది బంగారుబాతు. మొదటి ప్రపంచయుద్ధంతో ఐరోపాకు గంధపుచెక్క ఎగుమతి ఆగిపోయినప్పుడు సంస్థానమే నూనె తీయడం మొదలుపెట్టింది. మైసూర్ శాండల్ సబ్బు అలా పుట్టిందే.

మొక్క మొలిస్తే భయం

గంధం పండ్లను పిట్టలు తిని గింజల్ని ఎక్కడెక్కడో పడేస్తాయి. ఎవరూ నాటకపోయినా కంచెల్లో, గట్లమీద మొక్కలు లేస్తాయి. అది చూస్తే రైతు గుండెల్లో రాయి పడేది. చెట్టును ఏళ్లతరబడి కాపలా కాయాల్సింది అతనే. దొంగలు కొట్టుకుపోతే సంజాయిషీ చెప్పాల్సిందీ అతనే. అటవీశాఖ వచ్చి వేళ్లతో సహా పెకిలించుకు వెళ్లాక, ఖర్చులు పోను అతని చేతికొచ్చేది కొంత సొమ్ము. ఈ గొడవంతా ఎందుకని మొక్కగా ఉన్నప్పుడే పీకేసేవారు చాలామంది.

మరోవైపు అడవుల్లో స్మగ్లర్లు. 2004లో పోలీసు కాల్పుల్లో చనిపోయిన వీరప్పన్ పేరు తెలియనివారెవరు! తెగుళ్లూ తోడయ్యాయి. 1950ల్లో దేశంలో ఏటా నాలుగువేల టన్నుల దాకా వచ్చిన గంధపుచెక్క, 2000 తర్వాత కొన్ని వందల టన్నులకు పడిపోయింది. ఈలోగా ఆస్ట్రేలియా మన గంధాన్నే తోటలుగా వేసి ప్రపంచానికి అమ్మడం మొదలుపెట్టింది.

యజమాని మారాడు

చివరికి 2001లో కర్ణాటక, 2002లో తమిళనాడు చట్టాలను సవరించాయి. సొంత నేలలో పెరిగిన గంధం ఇప్పుడు ఆ నేల యజమానిదే. అలాగని గొడ్డలి తీసుకుని వెళ్లిపోతే కుదరదు. కొట్టడానికి అటవీశాఖకు దరఖాస్తు చేసుకోవాలి. అధికారులు భూమి కాగితాలు, చెట్లు చూస్తారు. దుంగలు కదలాలంటే రవాణా పర్మిట్ ఉండాలి.

సొంత చెట్టుకు ఇంత తతంగమా అనిపించొచ్చు. కానీ దొంగచెక్కకీ సొంతచెక్కకీ వాసన ఒకటే! రెంటినీ వేరుచేసేది ఆ కాగితమే. అది లేకపోతే నష్టపోయేది నిజాయతీగా పెంచిన రైతే. అదే కాగితం కోసం ఆఫీసుల చుట్టూ తిప్పితే మాత్రం రైతు మళ్లీ మొక్కను పీకేసే రోజులే వస్తాయి.

తెలుగు రాష్ట్రాల్లోనూ శ్రీగంధం తోటలు వేస్తున్నారు. గంధం తన వేళ్లను పక్క మొక్కల వేళ్లకు తగిలించి ఆహారం లాక్కుంటుంది కాబట్టి కందినో సరుగుడునో తోడుగా పెంచుతారు. చేవ కట్టడానికి పదిహేను, ఇరవై ఏళ్లు పడుతుంది. ఇక్కడా కొట్టాలన్నా, తరలించాలన్నా అటవీశాఖ అనుమతి తప్పదు. అందుకే నాటిన ఏడాదే చెట్ల లెక్కను భూమి రికార్డుల్లోకి ఎక్కించుకోవడం మంచిది. ఇరవై ఏళ్ల తర్వాత ‘ఈ చెట్టు నాదే’ అని చెప్పడానికి ఆ ఒక్క నమోదే సాక్ష్యం.