మంచుమీది పరికరములు – కొనుటయా? బాడుగయా?

మా డోనులో మంచు అనగా ధనుర్మాసపు తెల్లవారుజామున రైలుకట్టపై పలుచగా నిలిచి, ప్రొద్దు జానెడు పైకి వచ్చులోపల మాయమగు పొగమంచే. అట్టి ఊరినుండి మంచుమీద జారు పలకలనుగూర్చి వ్రాయబూనుట చూచి సోదరీమణులు నవ్వుకొందురేమో. నవ్వుకొన్నను సరియే. ఈ సంగతి మాత్రము మా యింట పదునైదు దినములు ఎవరికిని అన్నము సహింపనీయలేదు.

కర్నూలులో ఇంజనీరింగు ముగించి హైదరాబాదున క్రొత్తగా ఉద్యోగమందు చేరిన మా చిన్నమరిది, తోటివారు నలుగురితో కలిసి గత మాఘమాసమున ఉత్తరాఖండములోని ఔలీకి పోయి స్కీ విద్య నేర్వ సంకల్పించెను. స్కీలనగా కాలికొకటి చొప్పున బిగించుకొను పొడవైన సన్నని పలకలు. రెండు కాళ్లను అడ్డముగా ఒకే వెడల్పు పలకకు బిగించుకొన్నచో అది స్నోబోర్డు. సెలవునకు ఇంటికి వచ్చి, ఫోనులో అంగడి జాబితా చూపి, "వదినా, అన్నయ్యతో నీవే చెప్పవలె, అమ్మ నా మాట వినదు" అని మా ప్రక్కన కూర్చుండెను. స్కీలు, వాని బైండింగులు, బూట్లు, చేతికఱ్ఱలు, హెల్మెట్టు, కంటి అద్దములు, కోటు, అన్నియు కలిసి 70,000 రూపాయలకు పైమాట. అతని యొద్ద నున్నది 25,000. తక్కినది మా అత్తగారు బోరు లోతు వేయించుటకై రెండేండ్ల వేరుసెనగ పంట అమ్మి దాచిన సొమ్ము. మా సీమలో బోరుకు దాచిన సొమ్ము ఎట్టిదో ఇచ్చటి చదువరులకు చెప్పనక్కఱలేదు.

అత్తగారు అడిగినది ఒక్కటే మాట: "అక్కడ బాడుగకు దొరకవా నాయనా?" దానికి మరిది, "ఊరివారందఱు తొడిగి విడిచిన బూట్లు నేను తొడుగుకొందునా?" అనెను.

ఆ మాటను త్రోసివేయుటకు మాకు నోరాడలేదు. నాలుగేండ్లక్రిందట ఉపాధ్యాయ కుటుంబములతో కలిసి మనాలి చూడబోయినపుడు, సోలాంగునకు పోవు త్రోవలో వరుసగా నున్న బాడుగ అంగళ్లలో ఒకదానియందు కోట్లును రబ్బరు బూట్లును తీసికొంటిమి. లోపల ముందటివారి తడి ఇంకను ఆఱలేదు. కొలత అడిగినచో "అందఱికి సరిపోవును" అనిరి. సాయంకాలమునకు మా మడమలు బొబ్బలెక్కి మఱునాడంతయు బసలోనే కూర్చుంటిమి. అప్పుడు మనుచరిత్రములోని ప్రవరుడు జ్ఞప్తికి వచ్చెను. సిద్ధుడిచ్చిన పాదలేపనము నమ్ముకొని హిమాలయమునకు పోయిన ఆ బ్రాహ్మణునకు, అది మంచునీట కరగిపోగా గదా ఇల్లు చేరు దారి లేకపోయినది! పండితులు వరూధినిగూర్చి ఎంతయో చర్చింతురు. సంసారము చేయువారి కంటికి మాత్రము, ఈ మందు మంచుకు ఆగునా యని ముందుగా అడుగకపోవుటయే అతని మొదటి పొరపాటుగా తోచును.

అందుచేత మేము అడిగి తెలిసికొన నిశ్చయించితిమి. మా పెద్దాడబిడ్డ అమెరికాలో కొలరాడో రాష్ట్రమందలి డెన్వరున కాపురమున్నది. మొదటి శీతకాలమున ఆమె తన యిద్దఱు బిడ్డలకును సమస్తము కొని పెట్టినదట. మఱుసటి యేటికి బూట్లు ఇఱుకయ్యెను, స్కీలు పొట్టివయ్యెను. ఎదుగు బిడ్డకు అవి పండుగనాటి పట్టుపావడవంటివి. ఇప్పుడు చలికాలము మొదలగునపుడే అంగడివారు బిడ్డను కొలిచి మొత్తము కాలమునకు పరికరములు బాడుగకిత్తురు. వేసవికి ముందు తిరిగి యిచ్చివేయును. తనకు మాత్రము మూడేండ్లు జారిన తరువాత బూట్లొక్కటే కొన్నదట. స్కీలు నేటికిని బాడుగవే.

బూట్లే ఏల ముందు కొనవలయునని అడిగితిమి. స్కీ బూటు పైభాగము గట్టి ప్లాస్టికు. లోపలి మెత్తలు తొడిగినకొలదిని తొడుగువారి పాదమునకు అనువుగా అమరును. పదిమంది తొడిగినచో ఎవ్వరికిని అమరవు. పాదము లోపల కదలినచో పలక మాట వినదు. కొలతయు మన చెప్పుల అంకెలవలె గాక పాదము పొడవును సెంటీమీటర్లలోనే చూతురు. దళసరి మేజోళ్లు రెండు జతలు తొడిగిన వెచ్చగా నుండునను భ్రమ వలదట; రక్తప్రసారము తగ్గి కాళ్లు మఱింత చల్లబడును. ఉన్నిది ఒక్క జత చాలును. నూలుబట్ట తడి పట్టి విడువదు గనుక ఒంటినంటి తొడుగరాదు.

మమ్ము నిజముగా భయపెట్టినది బైండింగుల సంగతి. బూటును పలకకు పట్టియుంచు ఈ సాధనము, పడునపుడు తగినంత ఒత్తిడి కలిగినంతనే బూటును విడువవలయును. మఱీ వదులైనచో ఏటవాలు నడుమ పలక ఊడిపోవును; మఱీ బిగువైనచో పలకతోపాటు కాలు మెలిపడి మోకాలు చెడును. మనిషి బరువు, ఎత్తు, వయస్సు, నేర్పు, బూటు అడుగుపొడవు చూచి తెలిసినవాడే దానిని సరిపెట్టవలయును. మా మరిది ఎవరో వాడిన జతను సగము ధరకు చూచి ఉంచెనని అప్పుడు తెలిసినది! తయారీదారులు జవాబుదారీ వదలుకొన్న పాత బైండింగులను అమెరికా అంగళ్లవారు ముట్టుకొననైనను ఒప్పుకొనరట. వాడిన హెల్మెట్టును కొనుట అంతకంటె తప్పు. ఒక్క గట్టిదెబ్బ తిన్నదాని బలము పైకి కనబడకయే పోవును. స్నోబోర్డు బైండింగులు పడినపుడు ఊడవు. అందు చేతులూనుకొని పడుటచే మణికట్లకు ఎక్కువ అపాయము. బాడుగకు తెచ్చుకొనువారు ఎడమకాలు ముందో కుడికాలు ముందో చెప్పి బిగింపించుకొనవలయును.

ఇక కొన్నవానిని ఎక్కడ నుంచవలయును? పలకల అడుగునకు మైనము పట్టింపవలయును. ఉక్కు అంచులు తుప్పు పట్టకుండ తుడిచి పదును పెట్టవలయును. బాడుగ అంగడిలో ఆ పని వారిదే. మా యింట నైనచో వైశాఖపు ఎండకు కాగిన అటకపై, సెనగకాయ గోతాల ప్రక్కన!

మా వారు పాత కాలెండరు వెనుక లెక్క వేసిరి. ఉడుపులు విడిచి పరికరముల ధర 50,000. బాడుగ దినమునకు 1,000 అనుకొన్నను, ఏబది దినములు జారిననే ధర తీరును. ఏటికి ఏడు దినములు పోయినచో ఏడేండ్లకు పైగా పట్టును. అంతలో పెండ్లి కాదా, బిడ్డలు పుట్టరా? అదిగాక ఔలీలో గఢ్వాల్ మండల వికాస నిగమువంటి సంస్థల శిక్షణలో పరికరములు రుసుములోనే చేరియుండుట వాడుక. ఈ సంగతి ముందు వ్రాసి కనుగొన్నచో పదునైదు దినముల రభస తప్పియుండును.

తుదకు మేజోళ్లు, చేతితొడుగులు, అద్దములు, లోపలి ఉడుపులు మాత్రము కొని, మరిది తన సొమ్ముతోనే బయలుదేరెను. బూట్లు తీసికొనునపుడు ఆఱినవో లేదో చేయిపెట్టి చూడుమనియు, మడమ లేచుచున్నచో సిగ్గుపడక మార్పించుకొనుమనియు, బైండింగు తనయెదుట సరిపెట్టించుకొనుమనియు చెప్పి పంపితిమి. రెండు జతలు మార్పించెనట. శిక్షణ ముగిసిన మఱునాడు తోటివాడు బాడుగకు తెచ్చిన స్నోబోర్డు ఎక్కి చూచి, ఇకమీదట స్కీలు వలదు, అదియే కావలెనని తిరిగివచ్చెను. అత్తగారు మావైపు చూచిరిగాని పలుకలేదు.

మా డోనును పెద్దలు ద్రోణాచలమందురు. ఔలీనుండి కానవచ్చు 7,066 మీటర్ల శిఖరము పేరు ద్రోణగిరి. సంజీవికై హనుమంతుడు పెకలించినది ఆ కొండభాగమే యని అక్కడివారు చెప్పుకొందురు. "చూచితివా నాయనా?" అని అత్తగారు అడిగిరి. నాలుగు దినములు మబ్బు మూసినదట. అయిదవనాటి ఉదయము తీసిన బొమ్మను మరిది ఫోనులో చూపెను. అత్తగారు దానికి దండము పెట్టి, బోరువానికి ఎప్పుడు కబురంపుదమని మా వారినడిగిరి.