విద్యుత్ ఫోర్క్‌లిఫ్టులలో ఫ్యూజుల మార్పిడి: ఆంపియర్ల అంకె ఒక్కటే చాలదు

గిడ్డంగులలోను, ఓడరేవులలోను, ఔషధ, ఆహార పరిశ్రమలలోను సరుకు ఎత్తే విద్యుత్ ఫోర్క్‌లిఫ్టులకు బ్యాటరీ వలయంలోను, ఛార్జరులోను రక్షణగా ఫ్యూజులు అమర్చబడి ఉంటాయి. ఫ్యూజు కాలిపోయినప్పుడు పని ఆగరాదన్న తొందరలో చేతికందినది బిగించడం, అదీ లేకుంటే రాగి తీగ చుట్టడం ప్రమాదకరమైన అలవాటు. అగ్నిప్రమాదం సంభవిస్తే "షార్ట్ సర్క్యూట్" అన్న మాటతో వివరణ ముగిసిపోతుంది. షార్ట్ సర్క్యూట్ ఏర్పడినా ఫ్యూజు దానిని ఎందుకు ఆపలేదన్నదే అసలు అడగవలసిన ప్రశ్న.

48 వోల్టులు స్వల్పమేనన్న భావన సరికాదు. ఈ లెడ్-యాసిడ్ బ్యాటరీలో 2 వోల్టుల సెల్స్ 24 వరుసగా కలిపి ఉంటాయి. అంతర్గత నిరోధం అత్యల్పం కావడం వలన షార్ట్ ఏర్పడితే వేల ఆంపియర్ల విద్యుత్తు ప్రవహించగలదు. రెండు టెర్మినళ్లపై పొరపాటున స్పానరు పడినా అది ఎర్రగా కాలి తీవ్ర గాయాలు కలిగించగలదు.

ఇళ్లకు సరఫరా అయ్యే 50 హెర్ట్జ్ ఏ.సి. విద్యుత్తు సెకనుకు 100 సార్లు సున్నాకు చేరుతుంది. ఫ్యూజు కరిగినప్పుడు పుట్టే ఆర్క్ ఆ క్షణంలో ఆరిపోయే వీలుంటుంది. బ్యాటరీ నుండి వచ్చే డి.సి. విద్యుత్తుకు అటువంటి విరామం లేదు. కనుక ఫ్యూజుపై డి.సి. వోల్టేజి విడిగా ముద్రించి ఉన్నదీ లేనిదీ చూడాలి. 48 వోల్టుల బ్యాటరీ ఛార్జింగ్ చివరి దశలో 60 వోల్టులు దాటవచ్చు. మోటారు వాహనాలలో వాడే 32 వోల్టుల బోల్టు ఫ్యూజులు చూపునకు ఇంచుమించు అదే ఆకారంలో ఉండి, అవే రంధ్రాలలో అమరిపోవడం ఇక్కడ ఉన్న చిక్కు. వోల్టేజితో పాటు, ఎన్ని ఆంపియర్ల షార్ట్ సర్క్యూట్ విద్యుత్తును సురక్షితంగా తెంచగలదన్న సామర్థ్యాన్ని కూడా సరిచూడాలి.

ఛార్జరులో డయోడ్లు, థైరిస్టర్లను కాపాడే ఫ్యూజులు అతివేగంగా తెగే రకానివి. ఐ.ఇ.సి. 60269-4 ప్రమాణం వీటికి వర్తిస్తుంది. వాటి స్థానంలో సాధారణ ఫ్యూజు వేస్తే, అది కరిగేలోపే డయోడ్ కాలిపోవచ్చు.

పెద్ద ఫ్యూజు వేస్తే మాటిమాటికి పోదన్న వాదన ఒకటి ఉన్నది. ఉష్ణం విద్యుత్ ప్రవాహపు వర్గానికి అనులోమంగా పెరుగుతుంది. 250 ఆంపియర్ల చోట 500 ఆంపియర్ల ఫ్యూజు ఉంటే, రెట్టింపు ప్రవాహానికి కేబులులో ఉష్ణం నాలుగింతలవుతుంది. ఫ్యూజుకు బదులు కేబులే కాలుతుంది.

మార్చే ముందు ఛార్జరు మెయిన్ స్విచ్ కట్టివేసి, ఆ తరువాతనే బ్యాటరీ ప్లగ్గు ఊడదీయాలి. ఛార్జింగ్ జరుగుతుండగా ప్లగ్గు లాగితే నిప్పురవ్వ పుడుతుంది. ఆ సమయంలో వెలువడే హైడ్రోజన్ గాలిలో 4 శాతానికి చేరితే చాలు, రవ్వ తగిలి మండగలదు. కంట్రోలరులోని కెపాసిటర్లు డిశ్చార్జి అయ్యే వరకు ఆగాలి. ఉంగరాలు, గడియారం తీసివేయడం మరువరాదు.

కొత్త ఫ్యూజును తయారీదారు సూచించిన మేరకు బిగించాలి. బోల్టు వదులైతే అక్కడే వేడెక్కి, అధిక భారం లేకున్నా ఫ్యూజు పోతుంది. బోల్టు సరిగానే ఉంటే పంపు మోటారు పట్టేయడం, కేబులు ఇన్సులేషన్ అరిగిపోవడం, కాంటాక్టర్ అతుక్కుపోవడం వంటి కారణాలను పరిశీలించాలి. వేసిన కొత్త ఫ్యూజు కూడా వెంటనే తెగితే, మరొకటి వేయక వాహనాన్ని పక్కన నిలిపి అర్హత గల ఎలక్ట్రీషియన్‌కు అప్పగించాలి.